మూడు తరాల స్వరసంగమం

పాఠ్యభాగ ఉద్దేశం

కొత్త కళారూపం పుట్టినప్పుడు పాత తరం దానిని శంకిస్తుంది. పాత కళను కొత్త తరం కాలం చెల్లినదిగా భావిస్తుంది. ఈ రెండు దృష్టులకూ మధ్య వారధి కట్టిన ఒక సంగీత ప్రయత్నాన్ని పరిచయం చేయడం, సంప్రదాయానికీ నవ్యతకూ గల సంబంధాన్ని విద్యార్థులు ఆలోచించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రతి తరమూ తన యౌవనంలో విన్న పాటనే సంగీతమనుకొంటుంది. తరువాతి తరం పాడేది దానికి రొదగా వినిపిస్తుంది. ఈ స్వభావం ఏ ఒక్క దేశానికో, ఏ ఒక్క భాషకో పరిమితమైనది కాదు. అయితే ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో, నల్లజాతీయుల సంగీత చరిత్రలో ఇది నాలుగుసార్లు స్పష్టంగా రుజువైంది. ఆ నాలుగు సందర్భాలను తెలుసుకొంటే, 1989లో వెలువడిన ‘బ్యాక్ ఆన్ ది బ్లాక్’ అనే ఆల్బం విశిష్టత బోధపడుతుంది. ఈ ఆల్బం రూపకర్త క్విన్సీ జోన్స్. ‘బ్లాక్’ అంటే నగరంలో నాలుగు వీధుల నడుమ ఉండే ఇళ్ల సముదాయం. మన మాటలో చెప్పాలంటే ‘వాడ’. ‘తిరిగి మన వాడకు’ అన్నది ఆ పేరులోని భావం.

నాలుగు ఆవిర్భావాలు – నాలుగు అభ్యంతరాలు

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో న్యూ ఆర్లీన్స్ నగరంలో జాజ్ సంగీతం రూపుదిద్దుకొంది. బానిసత్వపు కాలం నుంచి వచ్చిన శ్రామిక గీతాలు, చర్చి ప్రార్థనలు, బ్లూస్ అనే విషాద గీతాలు, ఊరేగింపు బ్యాండుల వాద్యఘోష ఇందులో కలిసిపోయాయి. ముందుగా రాసిపెట్టుకొన్న స్వరాలకు కట్టుబడక, వాదకుడు అప్పటికప్పుడు తన ఊహతో స్వరాలల్లడం జాజ్‌కు ప్రాణం. కర్ణాటక సంగీతంలో కల్పనాస్వరాలు పాడే గాయకుని మనోధర్మం ఎటువంటిదో తెలిసినవారికి ఈ లక్షణం తేలికగా అర్థమవుతుంది. 1920వ దశకంలో ఎందరో అమెరికన్ పెద్దలు ఈ సంగీతం యువతను చెడగొడుతుందని నిందించారు. ఇది మొదటి అభ్యంతరం.

1940వ దశకంలో న్యూయార్కులో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ మొదలైన యువకులు జాజ్‌ను అత్యంత వేగవంతంగా, జటిలంగా మార్చారు. ఈ కొత్త శైలికి బీబాప్ అని పేరు. జాజ్‌కు మహోన్నత స్థానం కల్పించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వంటి కళాకారుడే దీనిని మెచ్చుకోలేకపోయాడు. ఇది రెండవ అభ్యంతరం. ఒకనాడు నిందకు గురైన జాజ్ కళాకారులే ఇప్పుడు నిందించే స్థానంలో నిలవడం గమనింపదగినది.

1950వ దశకం మధ్యలో రే చార్లెస్ చర్చి గీతాల గమకాలనూ, ఆవేశాన్నీ లౌకిక ప్రేమగీతాలలోకి తీసుకువచ్చాడు. సోల్ సంగీతానికి ఇది పునాది అయింది. ‘సోల్’ అంటే ఆత్మ. దేవుని కోసం పాడవలసిన బాణీలో ప్రియురాలి గురించి పాడడం అపచారమని భక్తులు కోపించారు. ఇది మూడవది.

1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతంలో ఒక పేద వాడలో జరిగిన విందు నుంచి నాలుగవ కథ మొదలవుతుంది. కూల్ హెర్క్ అనే యువకుడు తన చెల్లెలు ఏర్పాటు చేసిన ఆ విందులో రికార్డులు మోగించాడు. పాటలో గానం ఆగి మద్దెల దెబ్బ మాత్రమే వినిపించే ఘట్టానికి నర్తకులు ఉత్సాహపడడం అతడు గమనించాడు. రెండు రికార్డు ప్లేయర్ల సాయంతో ఆ ఘట్టాన్నే పదేపదే వినిపించే పద్ధతిని అతడు పెంపొందించాడు. ఆ లయపై ప్రాసలతో కూడిన మాటలు పలకడం రాప్ అయింది. రాప్, రికార్డుల వాదనం, నృత్యం, గోడలపై రంగుల రాత కలిసిన సంస్కృతికి హిప్‌హాప్ అని పేరు వచ్చింది. వాద్యాలు కొనలేని పిల్లలు తల్లిదండ్రుల పాత రికార్డులనే వాద్యాలుగా చేసుకొన్నారు. పెద్దలు మాత్రం “ఇందులో స్వరమేది? వాద్యమేది? ఇది సంగీతమేనా?” అని ప్రశ్నించారు. జాజ్ వాదకులలోనూ, సోల్ గాయకులలోనూ ఈ ప్రశ్న వేసినవారు ఉన్నారు.

ఈ నాలుగు సందర్భాలలోనూ ఒక విచిత్రం కనిపిస్తుంది. నిరాకరణకు గురైన కొత్త కళ ప్రతిసారీ, తనను నిరాకరించిన పాత కళ నుంచే పుట్టింది.

క్విన్సీ జోన్స్ జీవన నేపథ్యం

ఈ తరాలన్నింటినీ దగ్గరగా చూసిన అరుదైన వ్యక్తి క్విన్సీ జోన్స్. ఆయన 1933 మార్చి 14న షికాగో నగరపు దక్షిణ భాగంలో జన్మించాడు. తండ్రి వడ్రంగి. తల్లి మానసిక వ్యాధికి గురై చికిత్సాలయానికి తరలింపబడడంతో బాల్యంలోనే ఆమె ఆలనకు ఆయన దూరమయ్యాడు. పేదరికమూ, ముఠాల హింసా నిండిన వాడలో ఆయన తొలి ఏళ్లు గడిచాయి. 1943లో కుటుంబం వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్ పట్టణానికి, ఆ తరువాత సియాటిల్ నగరానికి తరలిపోయింది.

పదకొండేళ్ల వయసులో క్విన్సీ కొందరు పిల్లలతో కలిసి తినుబండారాల కోసం ఒక భవనంలోకి దొంగతనంగా ప్రవేశించాడు. అక్కడ చీకటి గదిలో ఒక పియానో కనిపించింది. దాని మెట్లపై వేళ్లు ఆనించిన క్షణమే తన జీవితం దారి మార్చుకొందని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. దొంగతనానికి వెళ్లిన బాలుడు సంగీతంతో తిరిగివచ్చాడు.

సియాటిల్‌లో కౌమార దశలోనే ఆయనకు రే చార్లెస్‌తో స్నేహం కుదిరింది. చూపులేని ఆ యువకుడు తనకన్నా మూడేళ్లు పెద్ద. ఇద్దరూ క్లబ్బులలో వాయించేవారు. క్విన్సీ ట్రంపెట్ వాద్యంలో నేర్పు సాధించి లయొనెల్ హాంప్టన్ బృందంలో చేరాడు. 1956లో అమెరికా ప్రభుత్వం తరఫున డిజ్జీ గిలెస్పీ జరిపిన విదేశీ పర్యటనలో పాల్గొన్నాడు. 1957లో పారిస్ వెళ్లి నాడియా బూలాంజే అనే సుప్రసిద్ధ ఆచార్యురాలి వద్ద స్వరరచన అభ్యసించాడు. 1964లో మెర్క్యురీ రికార్డుల సంస్థకు ఉపాధ్యక్షుడయ్యాడు. నల్లజాతీయులకు పెద్ద సంస్థలలో అటువంటి పదవులు దుర్లభమైన కాలమది. 1974లో మెదడులోని రక్తనాళం చిట్లి, రెండు శస్త్రచికిత్సలు జరిగాయి. ఇక ట్రంపెట్ ఊదరాదని వైద్యులు హెచ్చరించారు. వాద్యం చేజారినా ఆయన సంగీతం ఆగలేదు. మైకేల్ జాక్సన్ గానం చేసిన ‘థ్రిల్లర్’ ఆల్బం 1982లో ఆయన నిర్మాణంలోనే వెలువడి ప్రపంచ ప్రఖ్యాతి పొందింది.

ఇంతటి కీర్తి సాధించిన వ్యక్తి యాభై ఆరేళ్ల వయసులో తన విజయాలను నెమరువేసుకొంటూ కూర్చోవచ్చు. లేదా తన తరం వారితో కలిసి, కొత్త తరంపై తీర్పు చెప్పవచ్చు. క్విన్సీ ఈ రెండూ చేయలేదు. హిప్‌హాప్ యువకులను ఆయన వినడం మొదలుపెట్టాడు.

వాడకు తిరిగివెళ్లడం

క్విన్సీ గ్రహించిన విషయం ఏమిటంటే, బీబాప్ యువకులకూ హిప్‌హాప్ యువకులకూ రక్తసంబంధం ఉంది. ఇద్దరూ నగరాల వెలివాడల నుంచి వచ్చారు. ఇద్దరూ తమదైన వేషాన్నీ, తమదైన మాటనూ సృష్టించుకొన్నారు. బీబాప్ వాదకుడు వాద్యంతో అప్పటికప్పుడు స్వరాలల్లితే, రాపర్ మాటలతో అప్పటికప్పుడు ప్రాసలల్లుతాడు. మన ఆశుకవిత్వంలో ఛందస్సు కవిని కట్టివేస్తూనే అతని ప్రతిభకు రెక్కలిచ్చినట్లు, రాపర్‌కు లయ కట్టుబాటూ, బలమూ అవుతుంది. ఇంకా వెనుకకు వెళ్తే, పశ్చిమాఫ్రికాలో వంశచరిత్రలను నోటితో గానం చేసే ‘గ్రియో’ అనే కథకుల సంప్రదాయానికి రాపర్లు వారసులని ఆయన భావించాడు.

ఈ భావానికి ఆల్బంలోని తొలి గీతాలలో ఒకటైన శీర్షికాగీతం చక్కని రూపం. ఐస్-టీ, మెల్లీ మెల్, బిగ్ డాడీ కేన్, కూల్ మో డీ అనే నలుగురు రాపర్లు ఇందులో పాల్గొన్నారు. వారి పలుకులకు ఆఫ్రికా ఫణితిలోని బృందగానం తోడైంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన కైఫస్ సెమెన్యా అందుకు సహకరించాడు. ఆఫ్రికా నేల, అమెరికా వాడ ఒకే పాటలో పలికాయి.

మరొక గీతంలో రే చార్లెస్, చాకా ఖాన్ జంటగా పాడారు. నాలుగు దశాబ్దాలకు ముందు సియాటిల్ క్లబ్బులలో మొదలైన స్నేహం ఈ పాటలో కొనసాగింది. 1976లో ఒక యువబృందం కోసం క్విన్సీయే నిర్మించిన ఈ పాటను ఆయన కొత్త గొంతులతో తిరిగి పలికించాడు. అదే బృందం వాయించిన మాటలులేని ఒక రాగానికి సీదా గ్యారెట్ చేత మాటలు రాయించి, టెవిన్ క్యాంప్‌బెల్ అనే బాలుని చేత పాడించాడు. టెవిన్ 1976లో జన్మించాడు. ఇదే ఆల్బంలో పాడిన ఎల్లా ఫిట్జ్‌జెరల్డ్ 1917లో జన్మించింది. ఆ ఇద్దరి మధ్య 59 ఏళ్ల అంతరం ఉంది. ముత్తవ్వ, మునిమనుమడు ఒకే పందిట్లో పాడినట్లు భావించవచ్చు.

వాద్యాలేవీ లేకుండా కేవలం మానవ కంఠాలతో, చేతులతో, శరీరంపై వేసిన తాళాలతో సాగే గీతం ఇందులో మరొక ప్రత్యేకత. ఎల్లా ఫిట్జ్‌జెరల్డ్, సారా వాన్, అల్ జారో, బాబీ మెక్‌ఫెరిన్, టేక్ సిక్స్ బృందం ఇందులో గొంతు కలిపారు. అర్థం లేని అక్షరాలతో వాద్యంలాగా పాడే ‘స్కాట్’ గానంలో ఎల్లా, సారా ఆరితేరినవారు. వారి స్కాట్ విన్న చెవికి, నోటితో మద్దెల ధ్వనులు పలికించే హిప్‌హాప్ యువకుల విద్య వింతగా తోచదు. రెండూ కంఠాన్ని వాద్యం చేసే కళలే.

బర్డ్‌లాండ్ జ్ఞాపకం

ఆల్బంలో హృదయస్థానం ‘బర్డ్‌లాండ్’ అనే రచనది. బర్డ్‌లాండ్ 1949 డిసెంబరులో న్యూయార్కులో ప్రారంభమైన జాజ్ క్లబ్బు. ‘బర్డ్’ అనే మారుపేరుగల చార్లీ పార్కర్ గౌరవార్థం దానికి ఆ పేరు పెట్టారు. వియన్నాలో జన్మించిన జో జావినుల్ ఆ క్లబ్బు జ్ఞాపకంగా ఈ రచనను కూర్చగా, 1977లో వెదర్ రిపోర్ట్ బృందం దానిని వెలువరించింది. క్విన్సీ దీనిని డిజ్జీ గిలెస్పీ, మైల్స్ డేవిస్, జేమ్స్ మూడీ, జార్జ్ బెన్సన్, జావినుల్ మొదలైన వారి వాదనంతో మళ్లీ రూపొందించాడు.

ఇందులో మైల్స్ డేవిస్ పాల్గొనడానికి ప్రత్యేకమైన అర్థం ఉంది. 1959 ఆగస్టులో ఒక రాత్రి ఆయన బర్డ్‌లాండ్‌లో కచేరీ చేస్తూ, విరామంలో బయటకు వచ్చి నిలబడ్డాడు. అక్కడినుంచి కదలమని పోలీసు ఆదేశించాడు. తాను ఇక్కడే వాయిస్తున్నానని ఆయన చెప్పినా వినక, పోలీసులు ఆయనను తలపై కొట్టి నిర్బంధించారు. నెత్తురోడుతున్న ఆ మహావాదకుని చిత్రం పత్రికలలో వచ్చింది. ముప్పై ఏళ్ల తరువాత అదే బర్డ్‌లాండ్ పేరుగల రచనలో ఆయన ట్రంపెట్ వినిపిస్తుంది. హిప్‌హాప్ యువకుల పాటలలో పోలీసుల దౌర్జన్యంపై ఆగ్రహం కనిపిస్తుంది. ఆ ఆగ్రహం పెద్దలకు కొత్తది కాదు. పెద్దలు ట్రంపెట్‌తో చెప్పుకొన్న దుఃఖాన్నే పిన్నలు మాటలతో చెబుతున్నారు. భాష మారినా బాధ మారలేదు.

ఈ రచనకు ముందు ఒక చిన్న ప్రవేశిక ఉంది. అందులో కూల్ మో డీ, బిగ్ డాడీ కేన్ అనే యువ రాపర్లు జాజ్ పెద్దలను ఒక్కొక్కరినే పేరు పెట్టి, కీర్తించి, శ్రోతలకు పరిచయం చేస్తారు. కొలువులో వందిమాగధులు ప్రభువుల బిరుదులు చదివినట్లు ఈ పరిచయం సాగుతుంది. పాతవారిని తెలియదని నింద మోసిన తరమే పాతవారి ప్రశస్తిని పలకడం ఇందులోని సొగసు. పెద్దలు పిన్నలకు చోటిచ్చారు. పిన్నలు పెద్దలకు నమస్కరించారు.

సారా వాన్‌కు ఇదే చివరి స్టూడియో రికార్డింగు అయింది. ఆమె 1990 ఏప్రిల్ 3న మరణించింది. మైల్స్ డేవిస్ 1991లో, డిజ్జీ గిలెస్పీ 1993లో, ఎల్లా ఫిట్జ్‌జెరల్డ్ 1996లో కన్నుమూశారు. క్విన్సీ కొన్నేళ్లు ఆలస్యం చేసి ఉంటే ఈ సంగమం సాధ్యమయ్యేది కాదు.

గౌరవమూ విమర్శా

1991లో జరిగిన గ్రామీ పురస్కారాల ప్రదానంలో ఈ కృతికి ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బం గౌరవం లభించింది. అంతేగాక ‘బర్డ్‌లాండ్’కు జాజ్ విభాగంలో, శీర్షికాగీతానికి రాప్ విభాగంలో, రే చార్లెస్, చాకా ఖాన్ పాడిన పాటకు సోల్ సంగీతాన్ని కూడా చేర్చుకొన్న రిథమ్ అండ్ బ్లూస్ విభాగంలో పురస్కారాలు వచ్చాయి. గ్రామీలలో రాప్‌కు పురస్కారం 1989లోనే మొదలైంది. నిన్నటివరకు సంగీతమే కాదనిపించుకొన్న కళ, జాజ్ పక్కనే సమాన పీఠంపై కూర్చొంది.

ఈ ఆల్బంలో లోపాలు లేకపోలేదు. ఇందరు ఉద్దండులకు చోటివ్వవలసి రావడంతో కొందరి వాదనం కొన్ని క్షణాలలోనే ముగిసిపోతుంది. డిజ్జీని గాని, మైల్స్‌ను గాని తనివితీరా వినదలచినవారు వారి సొంత రికార్డులనే ఆశ్రయించాలి. వీధిలో పుట్టిన రాప్‌కు సహజమైన కరకుదనం, క్విన్సీ మెరుగుపెట్టిన స్టూడియో నాదంలో కొంత మెత్తబడింది కూడా. అయినా ఈ లోపాలు ఆశయానికి భంగకరం కావు. పెద్ద కుటుంబం కలిసి దిగిన చిత్రంలో ప్రతి ముఖమూ చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ చిత్రం విలువ అందరూ కలిసి ఉండడంలోనే ఉంది.

ఇక్కడ న్యాయానికి సంబంధించిన విషయం ఒకటి ఉంది. పాత రికార్డులలోని చిన్న ముక్కలను తీసుకొని కొత్త పాటలలో అతికే పద్ధతి హిప్‌హాప్‌లో ప్రబలంగా ఉండేది. దీనిని ‘శాంప్లింగ్’ అంటారు. ఎందరో పాత కళాకారులకు దీనివల్ల పేరుగాని, ప్రతిఫలంగాని దక్కలేదు. 1991 డిసెంబరులో న్యూయార్కులోని ఒక ఫెడరల్ న్యాయస్థానం, అనుమతి లేకుండా ఇతరుల రికార్డులోని భాగాన్ని వాడుకోవడం నేరమని తీర్పు చెప్పింది. అప్పటినుంచి అనుమతి, పరిహారం తప్పనిసరి అయ్యాయి. క్విన్సీ ఆ తీర్పుకు రెండేళ్ల ముందే మరొక దారి చూపాడు. పెద్దల గొంతును ముక్కగా కత్తిరించి తేవడానికి బదులు, పెద్దలనే సగౌరవంగా ఆహ్వానించాడు. వారసత్వాన్ని అనుభవించడానికి దొంగతనం అవసరం లేదనీ, దానిని ఇవ్వడానికి పెద్దలూ చేయి చాచాలనీ ఈ కృతి నిరూపించింది.

తరువాతి అడుగులు

క్విన్సీ వేసిన ముందడుగు తరువాత ఈ దారిలో ఎందరో నడిచారు. మైల్స్ డేవిస్ తన చివరి రోజులలో ఈజీ మో బీ అనే హిప్‌హాప్ నిర్మాతతో కలిసి పనిచేశాడు. ఆ ఆల్బం ఆయన మరణానంతరం 1992లో వెలువడింది. 1993లో గురు అనే రాపర్ ‘జాజ్‌మటాజ్’ ఆల్బంలో డొనాల్డ్ బర్డ్, రాయ్ అయర్స్ వంటి జాజ్ ప్రముఖులతో కలిశాడు. 2015లో కెండ్రిక్ లామార్ వెలువరించిన ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’లో కమాసీ వాషింగ్టన్, రాబర్ట్ గ్లాస్పర్ వంటి యువ జాజ్ వాదకులు పాల్గొన్నారు. ఒకప్పుడు ఆశ్చర్యం కలిగించిన కలయిక నేడు సహజమైపోయింది.

క్విన్సీ జోన్స్ 2024 నవంబరు 3న, 91 ఏళ్ల వయసులో మరణించాడు. ఆయన జీవితం నుంచి యువతరం గ్రహించవలసినది ఎంత ఉందో, పెద్దలు గ్రహించవలసినదీ అంతే ఉంది. సంప్రదాయం పెట్టెలో దాచిన నగ వంటిది కాదు. చేతులు మారుతూ వెలిగే దివిటీ వంటిది. దానిని అందుకొనేవారు ఇచ్చినవారిని గుర్తుంచుకోవాలి. ఇచ్చేవారు, అందుకొన్న చేయి తమ చేతిలాగే ఉండాలని పట్టుపట్టరాదు. పేరుప్రతిష్ఠలు సంపాదించిన పెద్ద ఒకరు, తాను వదలివచ్చిన వాడకు తిరిగివెళ్లి, అక్కడి పిల్లల పాటలో తన బాల్యపు పాటనే గుర్తుపట్టాడు. ‘బ్యాక్ ఆన్ ది బ్లాక్’ సాధించిన అసలు విజయం ఇదే.

కఠిన పదాలు – అర్థాలు

ఆవిర్భావం : పుట్టుక
జటిలం : చిక్కులతో కూడినది
లౌకికం : లోకవ్యవహారానికి సంబంధించినది
దుర్లభం : దొరకడానికి కష్టమైనది
ఫణితి : రీతి, తీరు
వందిమాగధులు : రాజులను కీర్తించే స్తుతిపాఠకులు
ఉద్దండులు : గొప్ప సామర్థ్యం గలవారు
దివిటీ : కాగడా

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అమెరికా నల్లజాతీయుల సంగీతంలో ప్రతి కొత్త రూపమూ ఎదుర్కొన్న అభ్యంతరాలను వివరించండి.
2. ‘బ్యాక్ ఆన్ ది బ్లాక్’ తరాల మధ్య వారధి ఎట్లా అయిందో సోదాహరణంగా చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. బీబాప్‌కూ హిప్‌హాప్‌కూ గల పోలికలను తెలపండి.
2. ‘బర్డ్‌లాండ్’ రచనలో మైల్స్ డేవిస్ పాల్గొనడంలోని విశేషమేమిటి?
3. శాంప్లింగ్ వల్ల తలెత్తిన సమస్యను వివరించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. క్విన్సీ జోన్స్ ఎక్కడ జన్మించాడు?
2. బర్డ్‌లాండ్ క్లబ్బుకు ఎవరి గౌరవార్థం ఆ పేరు పెట్టారు?
3. ‘గ్రియో’లు ఎవరు?

IV. సంధులు
మహోన్నత = మహా + ఉన్నత – గుణసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
దశాబ్దం = దశ + అబ్దం – సవర్ణదీర్ఘ సంధి
ముందడుగు = ముందు + అడుగు – ఉత్వసంధి

V. సమాసాలు
స్వరసంగమం – స్వరాల యొక్క సంగమం – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
మూడు తరాలు – మూడు సంఖ్యగల తరాలు – ద్విగు సమాసం